ఒక నొక్కుకి ఒక పని: గేమ్ కీబోర్డు నుంచి స్క్రైబ్ నిబంధన దాకా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఒక మాక్రోకి 255 అక్షరాలు మించి రాయనివ్వరు. ఆ 255 అక్షరాల్లో ఏం రాయొచ్చో, ఏం రాయకూడదో చూస్తే, జీఎస్ 4 పేపర్లో మనం చదివే "విచక్షణ" అనే మాటకి దొరికే ఉదాహరణల్లో ఇంత స్పష్టమైనది నాకు ఇంకొకటి కనిపించలేదు. గేమ్ గురించి ఈ బ్లాగులో ఎందుకని అడిగేవాళ్లు ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. తత్కాల్ టికెట్లు, స్క్రైబ్ నిబంధనలు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అన్నీ దారిలోనే వస్తాయి.

ముందు గేమ్ తెలియనివాళ్ల కోసం. 2004 నవంబర్‌లో వచ్చిన గేమ్ ఇది. నెలకింత అని చందా కట్టి ఆడాలి. (2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఉన్న ఆటల్ని నిషేధించింది. చందా కట్టినా అది పందెం కానంతవరకు ఆ గేమ్ నిషేధం కిందికి రాదు. ప్రిలిమ్స్‌లో ఈ తేడా మీద స్టేట్‌మెంట్ ప్రశ్న అడగడానికి బోలెడు వీలుంది, నోట్ చేసుకోండి.) ఇరవై మంది కలిసి ఒక పెద్ద శత్రువు మీదకి వెళ్తారు. కొందరు దెబ్బలు కాస్తారు, ఎక్కువమంది కొడతారు, నలుగురైదుగురు వైద్యం చేస్తారు. ఈ చివరివాళ్లని హీలర్లు అంటారు. ఒక్కో పాత్రకి ఇరవైకి తగ్గకుండా మంత్రాలుంటాయి. ఒక మంత్రం వేశాక ఇంకోటి వేయడానికి మామూలుగా సెకనున్నర ఆగాలి. ఏ మంత్రం ఏ కీ మీద ఉండాలో మనమే పెట్టుకోవడం కీబైండ్. రెండు మూడు ఆదేశాల్ని ఒక కీ కింద చిన్న స్క్రిప్టులా రాసుకోవడం మాక్రో.

బీటెక్‌లో నేను ఆడేవాణ్ని, ఇప్పుడు లేదు. ఇప్పుడు ఆడేది మా పెదనాన్న కొడుకు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పవర్ ప్రెస్ దగ్గర పనిచేస్తుండగా అన్నయ్య ఎడమ చెయ్యి మిషన్‌లో పడింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు పోయాయి. ప్రమాదానికి ముందు నుంచీ అతను హీలరే. కోలుకున్నాక మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంటే కీబోర్డు తనది కాదన్నట్టు అయిపోయింది. "ఒరేయ్, నువ్వు ఇంజినీరువి కదా, ఈ కీల సంగతి ఏదో చూడు" అన్నాడు. రెండు ఆదివారాలు పట్టింది.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఈ గేమ్‌కి దొరికే గైడ్లన్నీ ఎడమ చేతికి ఐదు వేళ్లుంటాయనే లెక్కతో రాసినవి. ఉంగరపు వేలు ఏ మీద, మధ్య వేలు డబ్ల్యూ, ఎస్‌ల మీద, చూపుడు వేలు డి మీద, చిటికెన వేలు షిఫ్ట్, కంట్రోల్‌ల మీద. చిటికెన వేలు చేసే పని చిన్నదేం కాదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ప్రతి కీకి రెండో అర్థం వస్తుంది, కంట్రోల్ నొక్కితే మూడోది. అది లేకపోతే మంత్రాల్లో సగానికి పైగా చేతికి అందకుండా పోతాయి.

ముందుకి నడవడానికి కీ అసలు అక్కర్లేదు. మౌస్ రెండు బటన్లూ కలిపి పట్టుకుంటే పాత్ర నడుస్తుంది. వెనక్కి నడిచే కీ ఉన్నా దండగే, ఆ నడక బాగా నెమ్మది. వెనక్కి తిరిగి పరిగెత్తడమే మేలని పాత ఆటగాళ్లందరూ చెబుతారు. ఆ రెండూ తీసేస్తే మిగిలేవి పక్కకి జరిగే రెండు కీలు. మధ్య వేలికి ఎస్, చూపుడు వేలికి ఎఫ్ ఇచ్చాను. ఎడమకి జరుగుతున్నప్పుడు చూపుడు వేలు ఖాళీ, కుడికి జరుగుతున్నప్పుడు మధ్య వేలు ఖాళీ. ఎటు పరిగెడుతున్నా మంత్రం వేయడానికి ఒక వేలు మిగులుతుంది. ఈ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన ఆనందం సిలబస్‌లో ఏ చాప్టర్ పూర్తిచేసినా కలగలేదు, నిజం.

మధ్య వేలికి ఇంకా మూడు కీలు అందుతాయి: 3, ఈ, డి. చూపుడు వేలికి ఐదు: 4, ఆర్, టి, జి, వి. మొత్తం 8. షిఫ్ట్‌ని మౌస్ పక్క బటన్లలో ఒకదానికి మార్చాం, మౌస్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలుంది. ఆల్ట్ బొటనవేలికి అందుతుంది. అంటే ఒక్కో కీకి మూడు అర్థాలు, మొత్తం 24 స్థానాలు. హీలర్‌కి రోజువారీ కావలసినవి అందులో సరిపోతాయి.

ఇక ఏ మంత్రం ఎక్కడ అనేది. ఎక్కువసార్లు వాడేది దగ్గరి కీకి ఇవ్వాలన్నది అందరికీ తట్టేదే. 1954లో ఫిట్స్ అనే మనస్తత్వవేత్త దీనికో సూత్రం రాశాడు: లక్ష్యం ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే చెయ్యి అంత ఆలస్యంగా చేరుతుంది. అంతకు రెండేళ్ల ముందు హిక్ చెప్పినది ఇంకొకటుంది: ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయమూ పెరుగుతుంది. రెండోదే హీలర్‌కి అసలు శత్రువు. అందుకే ఆపదలో వాడేదాన్ని మిగతా వాటి గుంపులో పెట్టకూడదు. అన్నయ్య ఆడే ప్రీస్ట్ పాత్రకి గార్డియన్ స్పిరిట్ అనే మంత్రం ఉంటుంది. చావబోయే మనిషిని నిలబెడుతుంది, ఒకసారి వాడితే మళ్ళీ మూడు నిమిషాలు ఆగాలి. దాన్ని మౌస్ చక్రం నొక్కుకి పెట్టాం. ఆ నొక్కుకి పక్కన ఇంకో కీ లేదు, పొరపాటున తగిలేది కాదు, మాడిఫైయర్ అక్కర్లేదు. రోజుకి పదిసార్లు కూడా వాడని దానికి అంత మంచి చోటా అని మీకు అనిపించవచ్చు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ని బీరువాలో దాచం కదా.

మాక్రోల్లో ముఖ్యమైనది ఒక్కటే వివరిస్తాను. గేమ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి, ఇక్కడ ఉచ్చారణ రాస్తున్నాను: "కాస్ట్, ఎట్ మౌస్‌ఓవర్, హెల్ప్, నోడెడ్, ఫ్లాష్ హీల్". అంటే మౌస్ బాణం ఎవరి పేరు మీద ఉందో చూడు, వాళ్లు మనవాళ్లైతే, బతికే ఉంటే, ఫ్లాష్ హీల్ వెయ్యి. మామూలుగా అయితే ముందు ఆ పేరు మీద క్లిక్ చేసి, తర్వాత కీ నొక్కాలి. ఇలా అయితే ప్రతి మంత్రానికీ ఒక క్లిక్ మిగిలిపోతుంది. మన దేశంలో ఈ గేమ్‌కి సర్వర్ లేదు, మన నొక్కు సముద్రాలు దాటి వెళ్లిరావాలి. అందుకని మిగిలిన ప్రతి క్లిక్కూ విలువైనదే.

నెల తిరిగేసరికి అన్నయ్య పాత వేగానికి దగ్గరకొచ్చాడు. ఒకరోజు రెయిడ్ అయ్యాక జట్టులో ఒకడు చాట్‌లో రాశాడట: "మాక్రోలు ఆడే ఆటకి నీకు మెచ్చుకోళ్లు ఎందుకు?" అన్నయ్య నాకు ఫోన్ చేసి కోపంగా ఏం మాట్లాడలేదు. "ఒరేయ్, నిజం చెప్పు. ఇది మోసమేనా?" అని అడిగాడు. కాదు అని వెంటనే అనొచ్చు. కానీ ఎందుకు కాదో చెప్పలేకపోతే ఆ "కాదు"కి విలువ లేదు. అప్పుడు కూర్చుని చూశాను.

ఈ గేమ్ మాక్రో ఏమేమి అడిగి తెలుసుకోగలదో చూడండి. షిఫ్ట్ నొక్కి ఉందా? ఎదుటివాడు మనవాడా, శత్రువా? బతికున్నాడా? మనం యుద్ధంలో ఉన్నామా? ఇవి అడగొచ్చు. అతని ప్రాణం ఎంత శాతం ఉంది? నా దగ్గర శక్తి ఎంత మిగిలింది? ఈ మంత్రం సిద్ధంగా ఉందా? ఇవి అడగకూడదు, అడిగే భాషే ఇవ్వలేదు. మంత్రాల్ని వరసగా పేర్చే ఆదేశం ఒకటుంది గానీ, ఒక నొక్కుకి ఒక మంత్రమే పడుతుంది. వరసలో తర్వాతిది ఇంకా సిద్ధం కాకపోతే దాన్ని దాటి ముందుకి పోదు, అక్కడే మొరాయిస్తుంది. "ఇది లేకపోతే అది" అనే తెలివి దానికి లేదు. ఇది చేతకాక వదిలేసింది కాదు, కావాలని మూసేసిన తలుపు.

ఎందుకు మూశారో తెలియాలంటే 2006కి వెళ్లాలి. తొలి రోజుల్లో స్క్రిప్టులకి స్వేచ్ఛ ఎక్కువ. డీకర్సివ్ అనే యాడాన్ ఉండేది. జట్టులో ఎవరికి శాపం తగిలిందో అదే వెతికి, ఎవరికి ముందు తీయాలో అదే తేల్చి, తీసేసేది. మనిషి చేసేదల్లా ఒకే బటన్ నొక్కుతూ కూర్చోవడం. 2006 డిసెంబర్‌లో వచ్చిన 2.0 ప్యాచ్‌తో బ్లిజార్డ్ సంస్థ దీన్ని ఆపేసింది. ఆ ప్యాచ్ తర్వాత యాడాన్ చూపించగలిగేది, రంగు మార్చి హెచ్చరించగలిగేది, యుద్ధం మధ్యలో ఎవరి మీద ఏది వేయాలో తేల్చి తనే వేయలేకపోయేది. డీకర్సివ్ అప్పుడు పోలేదు, మారింది: శాపం తగిలినవాళ్లని చూపించేది, ఎవరిమీద నొక్కాలో మనం తేల్చుకోవాల్సి వచ్చేది.

ఇంకో వైపు బాట్లు. మనిషి లేకుండానే పాత్రని ఆడించే గ్లైడర్ అనే సాఫ్ట్‌వేర్ మీద బ్లిజార్డ్ అమెరికా కోర్టుల్లో పోరాడింది. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పు ఆసక్తికరమైనది. బాట్ వాడటం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే గానీ అదే కాపీరైట్ ఉల్లంఘన అయిపోదు అంది, గేమ్ పెట్టుకున్న సాంకేతిక రక్షణని దాటించే సాధనం అమ్మడం మాత్రం వేరే సెక్షన్ కింద తప్పంది. 2020 నవంబర్‌లో ఒక నొక్కుని అనేక ఖాతాలకి ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్లనీ సంస్థ నిషేధించింది. మౌస్ సాఫ్ట్‌వేర్‌లో అయిదారు నొక్కుల్ని రికార్డు చేసి ఒకే బటన్‌తో వరసగా వదిలే సౌకర్యం కూడా ఉంటుంది. అన్నయ్య మౌస్‌లోనూ ఉంది. దాన్ని మేము ముట్టుకోలేదు. ఒక బటన్‌ని షిఫ్ట్‌గా మార్చడం వేరు, ఒక బటన్ తనే ఆరు పనులు చేసుకుంటూ పోవడం వేరు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తత్కాల్ బుకింగ్ ఏసీకి ఉదయం 10, నాన్ ఏసీకి 11 గంటలకి తెరుచుకుంటుందని మనకి తెలుసు. పరీక్షల సీజన్‌లో ఊరెళ్లాల్సినవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ప్రయాణికుల పేర్లు ముందే సేవ్ చేసి పెట్టుకోవడం కీబైండ్ లాంటిది, సైటే ఆ వీలు ఇస్తుంది, అందరికీ ఇస్తుంది. స్క్రిప్టు తనే లాగిన్ అయి, తనే నింపి, మనిషి కంటే ముందు సీట్లు కొట్టేయడం గ్లైడర్ లాంటిది. 2025 జూలై నుంచి ఆధార్ ధ్రువీకరణ, ఓటీపీ పెట్టడం, మొదటి అరగంట ఏజెంట్లని ఆపడం ఈ రెండో రకాన్ని ఉద్దేశించినవే. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేయడాన్ని నేరంగా చూసే 1989 రైల్వే చట్టం 143వ సెక్షన్ ఈ-టికెట్లకీ వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెట్ లేని కాలంలో రాసిన సెక్షనే, అయినా సరిపోయింది. ఈ ఓటీపీ పద్ధతి మీద నాకో అభ్యంతరం ఉంది. స్క్రిప్టుని ఆపడానికి పెట్టిన ప్రతి అడ్డూ స్క్రిప్టు కంటే ముందు చెయ్యి నెమ్మదిగా ఆడేవాళ్లకి తగులుతుంది. పెద్దవాళ్లకి, చూపు సరిగా లేనివాళ్లకి, అన్నయ్య లాంటివాళ్లకి. ఓటీపీ వచ్చి టైపు చేసేలోపు వెయిటింగ్ లిస్ట్. ఎస్సేలో ఈ కోణం రాసినవాళ్లు తక్కువగా కనిపిస్తారు.

అన్నయ్య ప్రశ్నకి జవాబు నాకు దొరికింది మాత్రం మన పరీక్ష హాల్లోనే. రాయలేని అభ్యర్థికి స్క్రైబ్‌ని ఇస్తారు, గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు. 2018 మార్గదర్శకాల్లో ఇంకో నియమం ఉండేది: అభ్యర్థి తన స్క్రైబ్‌ని తనే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని. చెయ్యి అప్పు తీసుకోవచ్చు, బుర్ర అప్పు తీసుకోకూడదు కాబట్టి. మాక్రోకి ఎదుటివాడి ప్రాణం శాతం కనపడకుండా చేయడం, స్క్రైబ్‌ని ఒక మెట్టు కింద నుంచి తీసుకోమనడం, రెండింటి వెనకా ఒకే ఆలోచన. పాలనా న్యాయంలో మనం చదివేదీ ఇదే. అప్పగించిన అధికారాన్ని మళ్ళీ ఇంకొకరికి అప్పగించకూడదు. యాంత్రికమైన పనిని గుమస్తాకి ఇవ్వొచ్చు, విచక్షణని ఇవ్వకూడదు. ఆర్డరు టైపు చేసేది ఎవరైనా, ఆ ఆర్డరు ఇవ్వాలా వద్దా అన్నది సంతకం పెట్టేవాడే తేల్చాలి.

ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది, అది చెప్పకపోతే అన్యాయం. స్క్రైబ్ అందరికీ రాడు, ఇబ్బంది ఉన్నవాళ్లకే వస్తాడు, దానికి సర్టిఫికెట్ కావాలి. 2016 చట్టం మాటల్లో చెప్పాలంటే అది "సహేతుకమైన వెసులుబాటు". చాలాకాలం 40 శాతం వైకల్యం అనే గీత దగ్గరే ఆగిపోయేవారు. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, ఆ గీత రిజర్వేషన్ లాంటి కొన్ని ప్రయోజనాలకి గానీ స్క్రైబ్ ఇవ్వడానికి కాదు అని తేల్చింది. ఆ తర్వాత 2022లో 40 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లకి వేరే మార్గదర్శకాలు వచ్చాయి. మాక్రో అలా కాదు. ఐదు వేళ్లున్నవాడికీ, మూడు వేళ్లున్నవాడికీ అదే 255 అక్షరాలు. ఎవరూ సర్టిఫికెట్ అడగరు. అదే చట్టం దీన్ని "సార్వత్రిక రూపకల్పన" అంటుంది. ర్యాంపు మీద వీల్‌చైర్ వెళ్తుంది, సూట్‌కేసు లాక్కెళ్లేవాడూ వెళ్తాడు. చాట్‌లో ఆ మాట రాసినవాడి దగ్గర కూడా మాక్రోలుండే ఉంటాయి. మెయిన్స్‌లో ఈ రెండు పదాల్ని కలగాపులగం చేసి రాసే జవాబులు చాలా చూశాను, విడిగా రాయండి.

ఇదంతా ఫోన్లో చెబితే అన్నయ్య మొత్తం విన్నాడు. "సెక్షన్లు నాకెందుకురా, ఎవణ్ని బతికించాలో నేనే చూస్తున్నానా లేదా, అది చెప్పు" అన్నాడు. చూస్తున్నావు అన్నాను. "అయితే సరే" అని పెట్టేశాడు. చాట్‌లో వాడికి జవాబు ఇచ్చాడో లేదో నేను అడగలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. 2025లో గేమ్‌లోనే ఒక కొత్త బటన్ ఇచ్చారు. దాన్ని నొక్కుతూ ఉంటే తర్వాత ఏ దాడి మంత్రం వేయాలో గేమే ఎంచి వేస్తుంది. అంటే పందొమ్మిదేళ్లుగా కాపలా కాసిన తలుపుని వాళ్లే తెరిచారు. కాకపోతే ఊరికే ఇవ్వలేదు, ఆ బటన్ వాడితే మంత్రానికీ మంత్రానికీ మధ్య ఆగాల్సిన సమయం కొంచెం పెరుగుతుంది. నిర్ణయం యంత్రానికి ఇవ్వొచ్చు, వేగంతో దాని ఖరీదు కట్టాలి. నాకిది నచ్చిందా అంటే పూర్తిగా కాదు. స్క్రైబ్‌తో రాసేవాడికి సమయం కలిపి ఇస్తాం, ఇక్కడ సాయం తీసుకున్నవాడి దగ్గర సమయం కోస్తున్నారు. కానీ ఇక్కడ ఇస్తున్నది చెయ్యి కాదు, బుర్ర. అందుకని కోత న్యాయమే కావచ్చు. రెండు చేతులూ వణికే మనిషికి ఈ బటన్ తప్ప ఇంకో దారి లేకపోతే? అప్పుడూ కోత న్యాయమేనా? దీని మీద మీరు ఎస్సే రాస్తే కింద పెట్టండి, చదువుతాను.

అన్నయ్య ఆ బటన్‌ని వాడతాడు. హీలర్‌తో కాదు, ఈమధ్య మొదలుపెట్టిన హంటర్ పాత్రతో, రాత్రి భోజనం అయ్యాక చిన్న చిన్న పనులు చేసుకునేటప్పుడు. రెయిడ్‌కి మాత్రం పాత 24 కీలే. పోయినవారం కొత్త ఆలోచన చెప్పాడు. వదిన కుట్టు మిషన్ తొక్కుతుంటే చూశాడట, కంప్యూటర్‌కి తగిలించే ఫుట్ పెడల్ ఒకటి తెప్పిస్తానంటున్నాడు. ఆల్ట్‌ని కాలికి మారిస్తే బొటనవేలు పూర్తిగా స్పేస్‌కి ఖాళీ అవుతుంది. పెడల్‌ని కంప్యూటర్ మామూలు కీగానే చూస్తుంది కాబట్టి ఒక తొక్కుకి ఒక పనే. ఏ పెడల్‌కి స్ప్రింగ్ మెత్తగా ఉంటుందో కనుక్కోమన్నాడు, ప్రిలిమ్స్ అయ్యాక చూస్తానన్నాను.